దొరసానికి గొర్రెలు లేవు

"పదకొండు గంటలకు పెద్దమనిషి వస్తడు. గంతలోపల్నే ఒప్పుకున్నవనుకో, మన ఇంటి ముచ్చట మన ఇంట్లనే ఉంటది."

మణెమ్మ గొంతు పెంచలేదు. గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఒళ్లో ఉన్న నోటుబుక్కు మీద రెండు చేతులూ పెట్టింది.

నీలం అట్ట. మూలన చిరుగు. వందన గుమ్మంలోనే దాన్ని గుర్తుపట్టింది. పోయిన ఆదివారం కూతురు రాణిని ఈ ఇంట్లో దింపి, చివ్వెంలలో సూర్యాపేట బస్సెక్కాక సంచిలో వెతుక్కున్న పుస్తకం అదే.

"ఏం ఒప్పుకోవాలి అత్తమ్మా?"

"నువ్వు రాసుకున్నదే."

"ముందు రాణి ఎక్కడుందో చెప్పండి."

"గోపమ్మ ఇంట్ల ఆడుకుంటుంది. పిల్లనేం మింగలేదు గని, నా మాటకు జవాబియ్యి."

గోపమ్మ ఇల్లు ఎదురు వాకిలే. వందన వచ్చేటప్పుడు ఆ తలుపు మూసి ఉంది. పొద్దున పది గంటలప్పుడు ముగ్గురు పిల్లలున్న ఇంటి తలుపు ఎవరు మూసుకుంటారు?

అడగాలనుకుంది. అడగలేదు. నిన్న మరిది మధుసూదన్ ఫోన్లో అన్నది ఒకే మాట. "పిల్ల ఇగ మా కాన్నే ఉంటది వదినా. కాదంటవా, పెద్దమనిషి ముందర చెప్పు." కాలేజీకి సెలవు చీటీ పంపి వందన పొద్దున్నే బయల్దేరింది. ఇక్కడ అరిస్తే ఆరేళ్ల పిల్ల ఇంకో తలుపు వెనక్కి పోతుందని ఆమెకు తెలుసు.

మధుసూదన్ స్తంభానికి ఆనుకుని బైకు తాళం వేలికి తిప్పుతున్నాడు. మామ జానయ్య మూలన మంచం మీద తాడు పేనుతున్నాడు. కోడలు వచ్చినా తల ఎత్తలేదు.

నెల కిందటి దాకా ఈ ఇంట్లో ఆమెకు ముందు మంచినీళ్లు వచ్చేవి, తర్వాత మాటలు. నెల కింద మణెమ్మ ఒక మాట అడిగింది. "పెద్దోడు పాయె. చిన్నోణ్ణి చేసుకో బిడ్డా. పిల్ల ఇంట్లనే ఉంటది, గొర్లు ఇంట్లనే ఉంటయి." వందన వద్దంది. ఆ రోజు నుంచి నీళ్లు రావడం మానేశాయి.

"ఎవడు వాడు?" మణెమ్మ అడిగింది.

"ఎవరు?"

"నువ్వు చేసుకోబోయేటోడు. కాలేజీలనా, కోదాడల మీ అమ్మగారింటి దిక్కా?"

"అత్తమ్మా, ఎవరూ లేరు. ఆ పుస్తకంలో ఉంది నా కథ కాదు. జర్మనీ దేశపు దొరసాని కథ. ఎల్జ్‌బెత్ అని ఆరువందల ఏళ్ల కింద బతికింది. హైదరాబాద్‌లో ఒకాయన ఆడవాళ్ల జీవితాల మీద చిన్న చిన్న పుస్తకాలు వేస్తున్నాడు. హిస్టరీ చెప్తాను కదా, నన్నొకటి రాయమన్నాడు."

"నేనేం చెప్పిన్నే అమ్మా?" మధుసూదన్ నవ్వాడు. "గిదే అంటదని చెప్పిన్నా లేదా? సదువుకున్నోళ్లు సొంత పేరు పెట్టి రాసుకుంటరా? దొంగ బండికి నంబరు ప్లేటు మార్చినట్టు పేరు మారుస్తరు."

"నువ్వు చదివావా ఇది?"

"అమ్మకు సదివి వినిపిచ్చిన. పొద్దటిసంది మాపటిదాక."

"మొత్తం?"

"సగం కాడనే అమ్మ చెవులు మూసుకుంది. ఇనబుద్ధి కాలేదట."

వందన అత్త ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం కంటే లోతుగా ఇంకేదో ఉంది. ఏడు నెలలుగా ఆమెకు తెలిసిందే. కోదాడలో తన మోటారు వైండింగ్ షాపుకు పోతున్నానని సూర్యాపేటలోని ఇంట్లోంచి కదిలిన పెద్దకొడుకు, మిర్యాలగూడకు అవతల, వాడపల్లి రోడ్డు మీద కాలువ కల్వర్టు కింద ఎందుకు శవమై దొరికాడు? తూర్పుకు పోవాల్సినవాడు దక్షిణానికి ఎందుకు పోయాడు? పెళ్లాంతో పోట్లాడి మనసు బాగాలేక తిరిగాడని ఈ ఇల్లు అనుకుంది. పైకి అనలేదు. అనకపోయినా వందనకు వినపడుతూనే ఉంది.

"ఏం చదివాడో చెప్పండి అత్తమ్మా."

"ఎందుకు? మల్ల నా నోటితోని ఇనాలెనా?"

"ఒక్కసారి. ఎట్లా విన్నారో అట్లాగే."

అది ఇంకెవరినైనా అడిగితే తెలివితక్కువ మాటే. మణెమ్మకు అక్షరం రాదు కాని ఒకసారి విన్నది పోదు. మల్లన్న కొలువుకు ముగ్గులతో పట్నం వేసే రోజు ఒగ్గువాళ్లు మల్లన్న కథ చెబుతూ ఒక చరణం దాటేస్తే ఆడవాళ్ల గుంపులోంచి ఆమె గొంతే లేచేది. "ఏడు కొండలు ఎక్కిచ్చి ఆరు దించినవ్, ఇంకోటి ఏది?" ఒగ్గువాళ్లు నవ్వి మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు.

మణెమ్మ కళ్లు మూసుకుంది.

"పదిహేనేండ్లకు పెండ్లి చేసుకొని దొరసాని కోటకు వచ్చింది. మొగడు మెతకోడు. ఏమన్న పడి ఉన్నట్టే ఉన్నది గని ఆమె మనసుల మాట వేరే ఉండె. మొగడు సచ్చిన నలభై దినాలకు పెట్టె తీసింది. మరుదులకు చెప్పలే. బిడ్డను సంకనేసుకొని రెండో మొగని కాడికి పోదామని మనసుల పెట్టుకున్నది."

వందన ఒక్కో మాటనూ తూచింది. పదిహేనేళ్లు నిజం. నలభయ్యో రోజు, పెట్టె నిజం. రెండో మొగుడు ఏ పేజీలోనూ లేడు. నిజమైన గుడ్డకు అబద్ధపు అంచు కుట్టినట్టుంది.

"వదినా, మొఖం తెల్లగైంది," అన్నాడు మధుసూదన్.

"నువ్వు ఊకో. ఇంకా ఉందా అత్తమ్మా?"

"ఉన్నది. మొగడు బతికుండంగనే, ఇంటి గొర్ల చెవులకు దొంగసాటుగ తన గుర్తు కోపిచ్చింది, పోయేనాడు తనయేనని తోలుకపోదామని. ఆయన సచ్చిననాడు పొద్దుగాల మంద కాడికి పోయిండు. మోకాళ్ల మీద కూసొని ఒక్కొక్కదాని చెవి తడిమిండు. కోత పచ్చిగనే ఉన్నది. మీద బూడిద అద్ది ఉన్నది. ఎవడు కోసిండని లేసిండు. ఎవలు పలుకలే. ఆ కోపంలనే పోయిండు. అదే పోవుడు."

కళ్లు తెరిచింది. తడిగా ఉన్నాయి.

"ఇగ చెప్పు. నా కొడుకు గందుకేనా ఆ తొవ్వ పట్టింది?"

వందన గచ్చు మీద అత్తకు ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా," అంది చివరికి, "ఆ దొరసానికి గొర్రెలు లేవు."

వేలి మీద తిరుగుతున్న బైకు తాళం ఆగింది.

"ఏందీ?"

"ఆమె కథలో గొర్రెలే లేవు. ఒక్క గొర్రె లేదు, మంద లేదు. ఆమె భర్త జ్వరంతో మంచంలో పోయాడు. తొమ్మిది రోజులు లేవలేదు. ఎక్కడికీ పోలేదు."

మధుసూదన్ ఒక్క అడుగు ముందుకేశాడు. "మాట మారుస్తుంది. సూసినవా? ఇందాక తన కథ కాదన్నది. ఇప్పుడు గొర్లే లేవంటది. ఇంకాసేపైతే పుస్తకమే లేదంటది."

"లేని గొర్రెల చెవి మీద బూడిద ఎట్లా వచ్చింది మధూ?"

అతను తల్లి వైపు చూశాడు.

వందన బుర్ర పరుగెత్తుతోంది. ఆమె పుట్టిల్లు కోదాడ పక్కన, నడిగూడెం దగ్గర. వాళ్లదీ గొర్రెల ఇల్లే. పెళ్లిలో తండ్రి ఆమెకు ఇరవై గొర్రెలు అరణం ఇచ్చాడు. అరణం గొర్రెలు అత్తింటి మందలోనే మేస్తాయి, కాని అవి ఆడపిల్లవి. వాటి పిల్లలు ఆమెవి, ఆమె తర్వాత ఆమె కడుపున పుట్టినవాళ్లవి. అందుకే వాటికి పుట్టింటి గుర్తు ఉంటుంది. వందనవాళ్లది ఎడమ చెవి కొసన చీలిక. జానయ్య ఇంటిది కుడి చెవి అంచున గాటు. చీలిక ఉన్న కొసను కొంచెం కోసేసి, కుడి చెవికి గాటు పెడితే చాలు. అరణం గొర్రె ఇంటి గొర్రె అయిపోతుంది. పుండు మానేదాకా మీద బూడిద అద్దుతారు.

తన భర్త పోయిన మే నెలలో ఈ మంద ఎక్కడుంది? వాడపల్లి దగ్గర, కోతలైన నల్లరేగడి పొలాల్లో. మందతో ఉన్నది మధుసూదన్. మిర్యాలగూడ దవాఖానలో శవం పక్కన నిలబడి, పోలీసుల ముందు అతనే అన్నాడు. అన్నను చూసి పది దినాలైందని.

"నాకు అచ్చరం రాదు," మణెమ్మ నెమ్మదిగా అంది. "వాడు సదివింది ఒకటి. నువ్వు ఉన్నదనేది ఇంకోటి. ఇద్దరు సదువొచ్చినోళ్లు నా రెండు చెవుల కాడ కూసొని రెండు తీర్ల చెప్తున్నరు. ఎవలిది నమ్మాలె నేను?"

"నాది నమ్మవా?" అన్నాడు మధుసూదన్. "కన్నకొడుకును."

"ఇద్దర్ని కన్న."

ఆ మాటకు జానయ్య చేతిలో తాడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

మణెమ్మ నోటుబుక్కు వందన ముందు పెట్టింది. "సదువు. ఆమె మొగడు సచ్చిన కాణ్ణుంచి."

వందన పేజీ తీసి చదివింది.

"ఎల్జ్‌బెత్ భర్త తొమ్మిది రోజులు జ్వరంతో మంచంలో ఉన్నాడు. పదో రోజు ఉదయం చర్చి గంట మోగింది. అప్పుడామెకు ఇరవై నాలుగేళ్లు, ఇద్దరు కూతుళ్లు. శవం ఇల్లు దాటిన పూటే పెద్ద మరిది కోట తాళాల గుత్తి అడిగాడు. ఆమె ఇచ్చింది. భర్త ముద్ర అడిగాడు. ఇవ్వలేదు. పెళ్లి మర్నాటి ఉదయం భర్త ఆమెకు ఒక ఊరు రాసిచ్చాడు. అతను పోయినా ఆ ఊరి పంట ఆమెదే. ఆ కాగితం, ముద్ర ఒకే పెట్టెలో ఉన్నాయి. నలభయ్యో రోజున ఆమె పెట్టె తెరిచింది. మరిది ఊరుకోలేదు. ఏడేళ్ల పెద్ద కూతుర్ని ఆటకని తీసుకుపోయి, కొండ అవతల సన్యాసినుల మఠంలో ఉంచాడు. కాగితం ఇస్తే పిల్లను ఇస్తానన్నాడు."

మణెమ్మ దవడ కదిలింది.

"ఇచ్చిందా?"

"ఇవ్వలేదు. నాలుగేళ్లు వాళ్లకీ వీళ్లకీ ఉత్తరాలు రాసింది."

"పిల్ల మల్ల ఇంటికొచ్చిందా?"

"నేనింకా అక్కడిదాకా రాయలేదు అత్తమ్మా."

మణెమ్మ ఎదురింటి వైపు చూసి, కళ్లు తిప్పుకుంది. "మల్ల సదువు."

"ఏది?"

"గదే. మొదటిసంది."

మధుసూదన్ విసుక్కున్నాడు. "ఇదేం బడా అమ్మా? పెద్దమనిషొచ్చే యాళ్లైంది."

"సదువనీ."

వందన మళ్లీ చదివింది. మణెమ్మ పెదవులు కొంచెం వెనకగా కదులుతూ వచ్చాయి. తాళాల గుత్తి దగ్గర ఆమె వందన కంటే ముందే "ఇచ్చింది" అంది. ముద్ర దగ్గర "ఇయ్యలే" అంది. చివరి మాట దాకా ఒక్కటీ తేడా రాలేదు.

మణెమ్మ తల ఊపింది. వందనను నమ్మినట్టు కాదు. ఒక పని సగమైనట్టు.

బయట మోపెడ్ ఆగిన చప్పుడు.

పరశురాములుకు అరవై దాటాయి. కులపెద్ద. గడప దాటుతూనే చెప్పులు విడిచి, నోటుబుక్కును, ముగ్గురి ముఖాల్ని, మంచం మీది జానయ్యను వరసగా చూశాడు.

"ఏం బావా, తాడు పేనుతనే ఉన్నవా? ఎవల్ని కట్టేసేటందుకు?"

జానయ్య నవ్వలేదు. "కూసో," అన్నాడు. పొద్దటి నుంచి అతని నోట వచ్చిన మొదటి మాట అది.

"గీమెనా దొరసానుల కథలు రాసేది?" పరశురాములు వందన వైపు తిరిగాడు. "మందల ఎంబడి దేశాలు తిరిగినోళ్లం మేమే అనుకుంటిని. నువ్వు కాలు కదపకుంట జర్మనీ పోయొచ్చినవంట."

"పోయి రావడం తేలికే పెద్దయ్యా. సూర్యాపేట నుంచి చివ్వెంలకు వచ్చి నా పిల్లను నేను తీసుకుపోవడమే కష్టమైంది."

"నోరున్నది," అన్నాడు పరశురాములు, తిట్టుగా కాదు. "సరే. ముచ్చట సీద చెప్పుకుందాం. నువ్వు వేరే మనువు చేసుకొని పోతవని వీళ్ల అనుమానం. పోయేటట్టైతే పిల్ల ఈ ఇంటిది. పిల్ల ఈడ ఉంటే అరణం గొర్లు పిల్లయి గన్క ఈడనే ఉంటయి. అంతేనా మధూ?"

"అంతే మామా. పుస్తకమే సాక్ష్యం."

పిల్ల, గొర్రెలు. మరిది ఆ రెండింటినీ పెద్దమనిషి నోట ఒకే ఊపిరిలో అనిపించాడు. నెల కింద అత్త కూడా అలాగే అంది. అప్పుడు వందనకు అది ప్రేమగా వినిపించింది.

"అన్నా," మణెమ్మ లేచింది. "తీర్పు తర్వాత. ముందుగాల చిన్నోడు సదువుతడు. నువ్వు, నేను ఇందాం."

"ఇంక సదువుడు దేనికే?" మధుసూదన్ గొంతు మారింది.

"నేనిననీకే. మొన్న ఎట్ల సదివినవో గట్లనే సదువు. ఆమె మొగడు సచ్చిన కాణ్ణుంచి."

నోటుబుక్కు అతని చేతిలో పెట్టింది. పేజీ కూడా తనే చూపించింది. వందన తెరిచి చదివిన చోటు ఆమె మరచిపోలేదు.

మధుసూదన్ కాగితం వైపు చూశాడు. అతనికి చదవడం బాగానే వచ్చు, పది పాసయ్యాడు. ఉన్నది ఉన్నట్టు చదివితే మొన్నటిది అబద్ధం. మొన్నటిది చదవాలంటే అది కాగితం మీద లేదు. వందన అతని కళ్లనే చూస్తోంది. అవి వరస వెంట కదలడం లేదు. ఒకేచోట నిలబడ్డాయి.

"దొరసాని... మొగడు సచ్చినంక నలభై దినాలకు పెట్టె తీసింది," మొదలుపెట్టాడు. "మరుదులకు చెప్పలేదు. బిడ్డను తీసుకొని రెండో మొగని దగ్గరికి పోదామనుకుంది. రాత్రికి రాత్రి బండి కట్టిచ్చుకుంది. ఇగ... పోయింది."

"పోయిందా?"

"పోయింది."

"మంద కాడికి మొగడు పోయిన ముచ్చట ఏదిరా?"

"అది ఈ కాయితంల లేదే. వేరే కాడ."

"తియ్యి."

మధుసూదన్ పేజీలు తిప్పాడు. ముందుకు, వెనక్కు. పరశురాములు కొంతసేపు ఓపిక పట్టి, చేయి చాచాడు. "ఇటియ్యి."

జేబులోంచి కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఒక్కొక్క అక్షరం మీద వేలు ఆనిస్తూ, బడిపిల్లాడిలా చదివాడు. తొమ్మిది రోజుల జ్వరం. గంట. తాళాల గుత్తి. ముద్ర. ప్రతి మాట వెనకా మణెమ్మ పెదవులు కదిలాయి. "ఏడేళ్ల పెద్ద కూతుర్ని ఆటకని తీసుకుపోయి..." దగ్గర అతను ఆగి, కళ్లద్దాల మీదుగా ఎదురింటి మూసిన తలుపును చూశాడు. మిగతా పేజీలు గబగబా కలియదిప్పాడు.

"ఇందుల గొర్రె అన్న మాటే లేదు చెల్లె."

మణెమ్మ కొడుకు ముందుకు వచ్చి నిలబడింది. భుజం దాకా వస్తుంది ఆమె. తల పైకెత్తి చూసింది.

"బూడిద అద్ది ఉన్నదని నీకెట్ల తెలుసు?"

"ఎక్కడి బూడిదనే? గొర్లు కాసెటోణ్ణి, చెవి కోస్తే బూడిద అద్దరా? ఏదో నోటికొచ్చింది అంటి."

"కోత పచ్చిగున్నదన్నవు."

"అంటి, అయితేంది!"

"మోకాళ్ల మీద కూసున్నడన్నవు."

"అమ్మా..."

"నా పెద్దోడు గట్లనే కూసుంటడు. చిన్నప్పటిసంది. గొర్రెను పట్టాలంటే అందరు వంగుతరు, వాడు మోకాళ్ల మీద కూసుంటడు. దొరలు కూసోరు రా అట్ల."

మధుసూదన్ పెదవులు తడుపుకున్నాడు. కొడుకును పట్టేసింది కోడలు కాదు, పరశురాములు కాదు. వదిన మీద అబద్ధం అల్లాలని కూర్చున్నవాడు, దొరల కోటల్లో ఏముంటుందో తెలియక, తనకు తెలిసిన మందనే కోటలోకి తోలాడు. ఆ మందతో పాటు ఆ పొద్దు కూడా వచ్చేసింది.

"అన్న వచ్చిండు," అన్నాడు. వినపడీ వినపడనట్టు.

మణెమ్మ చేయి గోడ మీదికి పోయింది.

"ఎప్పుడు?" వందన గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"ఆ పొద్దే. ఎవరో చెప్పిండ్రంట, నీ గొర్ల గుర్తులు మారినయని. సూసిండు. మొత్తుకున్నడు. బండెక్కి పోయిండు. అంతే. నేను ముట్టుకోలే వదినా. మా అన్నను నేను ముట్టుకోలే."

"అయితే పోలీసోళ్లకు చూడలేదని ఎందుకు చెప్పినవ్?" పరశురాములు కళ్లద్దాలు తీశాడు. "ఏడు నెలలు దాచినవ్. పైకెల్లి ఆ పిల్ల మీద ఏస్తివి. ఎవల్ని కాపాడనీకి రా?"

మధుసూదన్ తల్లి వైపు చూడలేదు. వందన వైపు చూడలేదు. ఒక్క క్షణం, చాలా కొద్దిగా, అతని చూపు మూలన ఉన్న మంచం మీదికి పోయి వచ్చింది.

వందన ఆ చూపును పట్టుకుంది. మణెమ్మ కూడా.

జానయ్య పేనుతున్న తాడును పక్కన పెట్టాడు. నిదానంగా కాళ్లు కిందికి దించి లేచాడు. నోటుబుక్కును పరశురాములు చేతిలోంచి తీసుకుని వందనకు అందించాడు.

"పిల్లను తోలుకొని పో బిడ్డా," అన్నాడు.

వందనకు అర్థం కాలేదు. దేనికోసం వచ్చిందో అది చేతికి వచ్చేసింది. బస్సులో దారంతా కూర్చుకున్న వాదనలు ఒక్కటీ అవసరం పడలేదు.

"గొర్లు మంచియి చూసి ఇరవై ఏరుకో. వాటికి పుట్టిన పిల్లల్ని గూడ తోలిస్త. పిల్లను తీసుకొని ఇయ్యాల్నే కోదాడకు పో, మీ నాయన కాడికి. సూర్యాపేటల గూడ ఉండకు."

"ఎందుకు మామా?"

"పొమ్మంటున్న గద."

"ఎవరికి భయపడి పోవాలి?"

జానయ్య మొహం గోడకు తిప్పుకున్నాడు. "బావా," అన్నాడు పరశురాములు. ఇందాకటి హాస్యం అతని గొంతులో లేదు.

"రాణీ!" వందన గుమ్మం వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

ఎదురింటి తలుపు కిర్రుమని తెరుచుకుంది. "అమ్మా!" రాణి గొంతు. నిజంగానే ఆడుకుంటోంది, చేతుల నిండా మట్టి. వాకిలి దాటి పరుగెత్తుకొచ్చి తల్లి నడుముకు చుట్టుకుంది. వందన పిల్ల తల మీద చేయి వేసి అదుముకుంది. ఇప్పుడు గడప దాటితే చాలు. పదకొండున్నర బస్సు దొరుకుతుంది.

దాటలేకపోయింది. గుమ్మానికి అడ్డంగా మణెమ్మ ఉంది.

ఆమె ఎప్పుడు కదిలిందో ఎవరూ చూడలేదు. రెండు తలుపులూ దగ్గరికి లాగింది. గడియ పెట్టింది. తలుపుకు వీపు ఆనించి, గచ్చు మీద కూర్చుంది.

"నువ్వు పోతవు బిడ్డా, నీ పిల్లతోనే పోతవు," అంది వందనతో. "గని కొంచెం ఆగు. నువ్వు గూడ ఇనాలె."

తర్వాత భర్త వైపు తిరిగింది. నలభై ఏళ్ల కాపురంలో అతన్ని పేరు పెట్టి పిలవని మనిషి.

"జానయ్యా. ఆ పొద్దు కండ్ల దవాఖానకు పోతున్ననని నాకు చెప్పి, సద్ది కట్టిచ్చుకొని పోయినవ్. మాపటికి వచ్చినవ్. చేతుల మందు సీస లేదు, చీటి లేదు. కాళ్లకు నల్లరేగడి ఉండె. సూర్యాపేట దవాఖానల నల్లరేగడి ఏడిదని అనుకున్న. ఎనక శవమొచ్చె. ఇగ నేనడుగలే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఏడవలేదు.

"ఇప్పుడడుగుతున్న."